వీణలో కూసిన కోయిల



వసంతం వచ్చిందని మనకు ఎవరు చెబుతారు? గోడ మీది క్యాలెండరు చెబుతుంది. ఉగాది పచ్చడి కోసం అమ్మ వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం చెబుతుంది. వార్షిక పరీక్షల టైంటేబులు కూడా చెబుతుంది. కానీ వీటన్నిటికన్నా ముందే కోయిల చెప్పేస్తుంది. ఆ కోయిల కూతను వీణ తీగల మీద పలికించి దేశదేశాలకు వినిపించిన ఒక తెలుగువారి జీవితాన్ని ఈ సంచికలో మీకు పరిచయం చేస్తున్నాము. ఆయన పేరు చిట్టిబాబు. ఆయన 1996లో కన్నుమూశారు. అప్పటికి మీలో ఎవరూ పుట్టలేదు. మేమూ అప్పటికి పలక పట్టుకుని బడికి వెళ్లే వయసులోనే ఉన్నాము. అయినా ఆయన వాయించిన 'కొమ్మలో కోయిల' మాత్రం రేడియోలోనో, క్యాసెట్లోనో మా తరం వారి చెవిన పడుతూనే ఉండేది.

ముద్దుపేరే అసలు పేరు

1936 అక్టోబరు 13న కాకినాడలో చల్లపల్లి రంగారావు, సుందరమ్మ దంపతులకు ఒక కొడుకు పుట్టాడు. పెట్టిన పేరు హనుమాన్లు. ఇంట్లో పిలిచే ముద్దుపేరు చిట్టిబాబు. మన ఇళ్లలో కూడా ఇలాంటి పేర్లు ఉంటాయి కదా! హాజరు పట్టీలో ఒక పేరు, అమ్మమ్మ పిలిచే పేరు ఇంకొకటి. సాధారణంగా పెద్దయ్యేసరికి ముద్దుపేరు ఇంట్లోనే మిగిలిపోతుంది, హాజరు పట్టీలోని పేరు లోకంలోకి వెళుతుంది. ఈయన విషయంలో అది తిరగబడింది. అమ్మానాన్నలు పిలిచిన పేరునే ఆయన తన అధికారిక నామంగా మార్చుకున్నారు. కచేరీ పత్రికల మీద, రికార్డుల అట్టల మీద, విదేశీ వేదికల మీద అందరూ ఆయనను చిట్టిబాబు అనే పిలిచారు. ఇంటి వాకిలి దాటి ఎంత దూరం వెళ్లినా, ఇంట్లో వినిపించిన పిలుపే ఆయన వెంట నడిచింది.

కాకినాడ సముద్రతీరంలోని ఓడరేవు పట్టణం. సంగీతం అంటే చెవి కోసుకునే ఊరు. పేరున్న విద్వాంసులు అక్కడి సరస్వతీ గానసభలో పాడటాన్ని గౌరవంగా భావించేవారు. రంగారావుగారికీ సంగీతం అంటే ప్రాణం. ఇంట్లో ఆయన వీణ వాయించుకునేవారు. చిట్టిబాబుకు అయిదేళ్ల వయసులో జరిగిందని చెప్పే ఒక ముచ్చట ఉంది. తండ్రి వీణ వాయిస్తుండగా ఒక స్వరం తప్పు పలికిందట. పక్కనే ఉన్న పిల్లవాడు అది సరికాదని వెంటనే చెప్పి, సరైన స్వరం ఏదో చూపించాడట. తండ్రి కోప్పడలేదు. పిల్లవాడి చెవిలో ఏదో ప్రత్యేకత ఉందని గ్రహించి, పద్ధతిగా పాఠం చెప్పించడం మొదలుపెట్టారు.

ఈ ముచ్చటలో మాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆ పిల్లవాడికి వేళ్ల కన్నా ముందు చెవి తయారైంది. వాయించడం రాకముందే వినడం వచ్చింది. ఈ మాటను గుర్తుంచుకోండి. కోయిల దగ్గరకు వచ్చేసరికి దీనితో మళ్లీ పని పడుతుంది.

పన్నెండేళ్లకే చిట్టిబాబు మొదటి కచేరీ చేశారు. ఆ వయసు అంటే ఇప్పటి లెక్కలో ఏడో తరగతి.

పనస చెట్టులోని పాట

ఆయన చేతిలోని వాద్యం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. సరస్వతీదేవి బొమ్మలో వీణను మీరంతా చూసే ఉంటారు. దాన్ని ఎక్కువగా పనస చెక్కతో చేస్తారు. ఒక పక్క గుండ్రని కుండ, దాని నుంచి సాగిన పొడవైన దండి, చివర యాళి తల, దాని దగ్గర ఇంకొక చిన్న బుర్ర ఉంటాయి. దండి మీద మైనంలో కుదిర్చిన 24 మెట్లు ఉంటాయి. వాయించే తీగలు నాలుగు, తాళం వేయడానికి పక్కన మూడు. మొత్తం ఏడు.

మన తెలుగు నేలలో వీణకు పేరుపడ్డ ఊరు బొబ్బిలి. అక్కడి గొల్లపల్లి పనివారు కుండ, దండి అంతా ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అతుకు ఉండదు. దానిని ఏకాండి వీణ అంటారు. జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాల పిల్లలకు బొబ్బిలి పేరు కొత్త కాదు. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పని కోసం తరాల కిందట వచ్చిన మనవారిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు వారు చాలామంది ఉన్నారు. మీ తాతగారి ఊరి నుంచి బొబ్బిలి ఎంత దూరమో ఈ వేసవిలో అడిగి చూడండి.

వీణకు ఒక విశేష గుణం ఉంది. హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే ఒకే స్వరం వస్తుంది. దాని పక్క స్వరం కావాలంటే పక్క మెట్టుకు వెళ్లాలి. రెండు స్వరాల మధ్య ఏమీ ఉండదు. వీణలో అలా కాదు. ఎడమచేతి వేలితో తీగను మెట్టు మీద నొక్కి పక్కకు లాగితే, స్వరం ఉన్నచోటి నుంచి మెల్లగా పైకి పాకుతుంది. కుడిచేత్తో ఒక్కసారే మీటుతాము, ఎడమచేత్తో ఆ నాదాన్ని సాగదీస్తాము. ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. కర్ణాటక సంగీతంలో గమకాలన్నీ ఇలాంటి కదలికలే. గొంతు ఎలా జారుతుందో, ఎలా ఊగుతుందో వీణ కూడా అలా ఊగగలదు. అందుకే పూర్వం నుంచి వీణను గాత్రానికి దగ్గర చుట్టంగా చూశారు.

మద్రాసు ప్రయాణం

1948 ప్రాంతంలో చిట్టిబాబు కుటుంబం కాకినాడ వదిలి మద్రాసు చేరింది. సినిమాలో వేషం దొరకడమే దానికి కారణం. 1949లో వచ్చిన 'లైలా మజ్ను' చిత్రంలో ఆయన బాలనటుడిగా కనిపించారు. ఆ రోజుల్లో తెలుగు సినిమాలకు మద్రాసే ఇల్లు. స్టూడియోలు, రికార్డింగు థియేటర్లు, వాద్యకారులు అన్నీ అక్కడే ఉండేవి. నటన ఆయనతో ఎక్కువ కాలం ఉండలేదు, వీణ ఉండిపోయింది. సినిమా పాటల రికార్డింగుల్లో వీణ వాయించేవారిలో ఆయన ఒకరయ్యారు.

కొత్త ఊరు, కొత్త భాష, కొత్త బడి. ఇవి ఎలా ఉంటాయో మీకు మేము చెప్పనక్కరలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున ఇంట్లో ఎలాంటి వాతావరణం ఉంటుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. పాత ఊళ్లోని స్నేహితులు వెనక ఉండిపోతారు. అట్టపెట్టెల్లో సర్దినవే వెంట వస్తాయి. చిట్టిబాబు వెంట వచ్చినవి వీణ, తప్పొప్పులు పట్టగల చెవి.

సినిమా రికార్డింగు ఆయనకు ఇంకొక బడి అయింది. కచేరీలో వీణ ముందుంటుంది, మృదంగం పక్కన ఉంటుంది. సినిమా పాటలో అలా కాదు. వయొలిన్లు, ఫ్లూటు, గిటారు, తబలా, క్లారినెట్ అన్నీ కలిసి ఉంటాయి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో, ఎవరు ఎప్పుడు ఊరుకోవాలో ముందే రాసి ఉంటుంది. వీణకు ఒక్కోసారి పది క్షణాలే వంతు వస్తుంది. ఆ పది క్షణాల్లో చెప్పదలచుకున్నది చెప్పాలి. పదిమందితో కలిసి వాయించడం, తన వంతు కోసం కాచుకోవడం, పక్కవాడి నాదాన్ని వినడం వాద్యబృందంలో కూర్చున్నవారికే అలవడతాయి.

గురువు చూపించిన శిఖరం

ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఈమని శంకరశాస్త్రిగారికి శిష్యుడు కావడం. శాస్త్రిగారిదీ గోదావరి జిల్లాయే. కాకినాడకు దగ్గర్లోని ద్రాక్షారామంలో 1922లో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు వీణ విద్వాంసులు. శంకరశాస్త్రిగారు మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశారు, తరువాత ఆకాశవాణిలో చేరి ఢిల్లీలో జాతీయ వాద్యబృందాన్ని నడిపించారు.

ఈ జాతీయ వాద్యబృందం గురించి మీరు తెలుసుకోవాలి. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో దీన్ని ఏర్పాటు చేసింది. పేరు వాద్యవృంద. సితార్ విద్వాంసులు రవిశంకర్, వయొలిన్ విద్వాంసులు టి.కె. జయరామ అయ్యర్ మొదట్లో దానికి సంగీతం కూర్చి నడిపించారు. అంతకుముందు మన దేశంలో శాస్త్రీయ సంగీతం అంటే ప్రధానంగా ఒక విద్వాంసుడు, ఆయన మనోధర్మం. అలాంటి సంగీతాన్ని ఇరవై ముప్పై మంది కలిసి వాయించేలా కూర్చడం ఎలా? రాగం చెడకూడదు, గమకం పోకూడదు, అందరూ ఒక్కటిగా పలకాలి. సితార్, సరోద్, వీణ, సంతూర్, వేణువు, జలతరంగం ఒక్కచోట కూర్చుని ఈ ప్రశ్నకు జవాబు వెతికాయి.

శంకరశాస్త్రిగారు కూర్చిన 'ఆదర్శ శిఖరారోహణం' పేరులోనే పర్వతం ఎక్కడం ఉంది. 'భ్రమర విన్యాసం' పేరులో తుమ్మెద ఎగురుతోంది. మాటలు లేని సంగీతంతో ఒక దృశ్యాన్ని, ఒక కదలికను చూపించవచ్చని ఆయన నమ్మారు. గురువు తుమ్మెదను వీణలోకి పిలిస్తే, శిష్యుడు కోయిలను పిలిచారు.

కోయిల ఎలా కూస్తుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కోయిల కూతను మీరు ఎన్నోసార్లు విన్నారు. కానీ జాగ్రత్తగా విన్నారా? ఆ కూత మొదట కింద మొదలై పైకి లేస్తుంది. ఒకసారి కూసి ఊరుకోదు. రెండోసారి మొదటిదాని కన్నా కొంచెం పైస్థాయిలో కూస్తుంది. మూడోసారి ఇంకా పైన. అలా మెట్టు మెట్టుగా ఎక్కుతూ, ఇక ఎక్కలేనన్నట్టు ఠక్కున ఆగిపోతుంది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ కింది నుంచి మొదలు. ఇలా కూసేది నల్లగా మెరిసే మగ కోయిల. ఆడ కోయిల గోధుమ రంగులో తెల్లని చుక్కలతో ఉంటుంది. దాని గొంతు కిక్ కిక్ మని వేరుగా ఉంటుంది.

పైకి జారే ఈ కూతకు వీణ ఎందుకు సరిపోయిందో ఇప్పుడు మీకు తట్టే ఉంటుంది. తీగను మీటి పక్కకు లాగితే స్వరం కింది నుంచి పైకి పాకుతుందని చెప్పుకున్నాము కదా! కోయిల గొంతులో జరిగేది అదే. తరువాతి కూతకు ఇంకొంచెం పైమెట్టు. అంటే చిట్టిబాబు కోయిల కోసం వీణకు కొత్త సాధనం ఏదీ తగిలించలేదు. పూర్వులు గమకం కోసం కనిపెట్టిన కదలికలోనే కోయిల కూత దాగి ఉంది. ఆయన దాన్ని విని పట్టుకున్నారు. తండ్రి వాయించిన తప్పు స్వరాన్ని అయిదేళ్ల వయసులో పట్టుకున్న చెవే ఇక్కడా పనిచేసింది.

'కొమ్మలో కోయిల' ఆయన సొంత స్వరకల్పన. అందులో వీణ కోయిలై కూస్తుంది. దేశంలో ఎక్కడ కచేరీ జరిగినా శ్రోతలు దానిని కోరి అడిగి వాయించుకునేవారు. వీణ అంటే ఏమిటో తెలియనివారు కూడా ఆ కూతతో వీణకు దగ్గరయ్యారు. పేరు మాత్రం తెలుగులోనే ఉండిపోయింది.

శాస్త్రీయ కచేరీలో పక్షి కూత ఏమిటని ఎవరికైనా సందేహం రావచ్చు. దానికి సమాధానం ఆయన మిగతా వాదనంలో ఉంది. త్యాగరాజస్వామి కీర్తనలను ఆయన సాహిత్యంలోని మాటలు వినపడేలా, గొంతుతో పాడినట్టు వాయించేవారు. వేదమంత్రాల ధోరణిని కూడా తీగల మీద వినిపించేవారు. గుడి గంటలనూ మోగించేవారు. అన్నిటిలోనూ చేసిన పని ఒకటే. ముందు శ్రద్ధగా వినడం, విన్నదాన్ని వీణ భాషలో చెప్పడం.

వేరే దేశంలో వేరే కోయిల

వసంతాన్ని వాద్యాలతో చెప్పాలన్న కోరిక మన ఒక్కరిదే కాదు. ఇటలీలోని వెనిస్ నగరంలో ఆంటోనియో వివాల్డి అనే వయొలిన్ విద్వాంసుడు ఉండేవారు. అమ్మానాన్నలు లేని ఆడపిల్లలను పెంచే ఒక ఆశ్రమంలో ఆయన సంగీతం నేర్పారు. ఆ పిల్లల వాద్యబృందం వినడానికి యూరప్ నలుమూలల నుంచి జనం వచ్చేవారు. ఆయన రాసిన నాలుగు ఋతువుల సంగీతం 1725లో అచ్చయింది. అందులో మొదటిది వసంతం. మూడు వయొలిన్లు ఒకదానికొకటి బదులిస్తూ పక్షుల్లా కిచకిచలాడతాయి. తరువాత సెలయేరు వస్తుంది, ఉరుము వస్తుంది, మళ్లీ పక్షులు వస్తాయి. ఆయన పోయాక ఆ సంగీతాన్ని దాదాపు 200 ఏళ్లు లోకం మరిచిపోయింది. 20వ శతాబ్దంలో మళ్లీ వెలుగులోకి వచ్చి ఇప్పుడు టెలిఫోన్లలో కూడా మోగుతోంది.

1808లో వియన్నాలో బీథోవెన్ తన ఆరో సింఫనీని వినిపించారు. పల్లెటూరి ప్రకృతి మీద కూర్చిన సంగీతం అది. అందులో ఒకచోట వాద్యబృందం అంతా ఊరుకుంటుంది. ఫ్లూటు ఒక పక్షిగా, ఓబో ఇంకొక పక్షిగా, క్లారినెట్లు కోయిలగా పలుకుతాయి. అప్పటికే బీథోవెన్‌కు వినికిడి తగ్గిపోతోంది. చెవికి అందకుండా పోతున్న పక్షులను ఆయన జ్ఞాపకంలో నుంచి తీసి కాగితం మీద పెట్టారు.

గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. బీథోవెన్ కోయిల పై నుంచి కిందికి రెండు స్వరాలు మాత్రమే పలుకుతుంది. ఎందుకంటే యూరప్ కోయిల వేరే పక్షి. దాని కూత కిందికి దిగుతుంది, మన కోయిల కూత పైకి ఎక్కుతుంది. విడివిడిగా రెండు మెట్లు దిగే కూతకు క్లారినెట్ చాలు. జారుతూ పైకెక్కే మన కూతకు వీణ కావలసి వచ్చింది. ఏ ఊరి వసంతాన్ని చెప్పాలంటే ఆ ఊరి పక్షిని వినాలి, దానికి తగిన వాద్యాన్ని వెతకాలి.

ఇంకొక తేడా వింటే మీకు నవ్వు వస్తుంది. యూరప్ కోయిల చలికాలం ఆఫ్రికాలో గడిపి వసంతానికి తిరిగి వస్తుంది. అంటే అది నిజంగా ఏటేటా బదిలీ మీద తిరిగే పక్షి. మన కోయిల చాలాచోట్ల ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. చలికాలంలో గొంతు విప్పదు కాబట్టి లేదనుకుంటాము. వసంతం రాగానే కూస్తుంది కాబట్టి వచ్చిందనుకుంటాము.

వాద్యబృందంతో, సినిమాతో, ప్రపంచంతో

చిట్టిబాబు ఒంటరి వీణ దగ్గరే ఆగిపోలేదు. ఇతర వాద్యాలను కలుపుకుని సొంత స్వరకల్పనలు చేశారు. 'రాధామాధవం' అలాంటి వాటిలో ఒకటి. మాటలు లేకుండా కథ నడిపించే ఈ పద్ధతికి సినిమా రికార్డింగుల్లో నేర్చిన బృందవాదనం, గురువు చూపించిన దారి రెండూ పనికివచ్చాయి.

1964లో శ్రీధర్ తీసిన 'కలై కోయిల్' అనే తమిళ చిత్రం ఒక వీణ విద్వాంసుడి కథ. అందులో తెర మీద కనిపించేది నటుడి చేతులు, వినిపించేది చిట్టిబాబు వీణ. పేరు చూసి ఇదీ కోయిల కథే అనుకునేరు! తమిళంలో కోయిల్ అంటే గుడి. కలై కోయిల్ అంటే కళాలయం. పక్షిని తమిళులు కుయిల్ అంటారు, హిందీవారు కోయల్ అంటారు, బెంగాలీలు కోకిల్ అంటారు. భాషలు మారినా ఆ పక్షి తన పేరును తన కూతతోనే అందరిచేతా పలికించుకుంది. 1974లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన 'దిక్కట్ర పార్వతి' చిత్రానికి చిట్టిబాబు సంగీతం సమకూర్చారు. అది రాజాజీ రచన ఆధారంగా తీసిన సినిమా.

ఆయన అనేక దేశాలు తిరిగి కచేరీలు చేశారు. వైణిక శిఖామణి అనే బిరుదు పొందారు. 1990లో సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 1996 ఫిబ్రవరి 9న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 59 ఏళ్లే.

కాకి గూటిలో పిల్ల

కోయిల గురించి మీ పర్యావరణ పాఠంలో ఒక విషయం చదివి ఉంటారు. అది గూడు కట్టుకోదు. కాకి గూటిలో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. పిల్ల కాకుల మధ్య పుడుతుంది, కాకి పెట్టిన తిండి తింటుంది, కాకుల అరుపులు వింటూ పెరుగుతుంది. కానీ పెద్దయ్యాక కావుమని అరవదు. తన జాతి పాటే పాడుతుంది.

బదిలీల మీద తిరిగే మన పిల్లలను చూసినప్పుడు మాకు ఈ పక్షి గుర్తుకు వస్తుంది. మేము ఉద్యోగంలో చేరాక చాలా ఊళ్లు మారాము. ప్రతి ఊళ్లోనూ తెలుగు తరగతిలో కూర్చునే పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వారిలో చాలామంది తెలుగు రాష్ట్రాల్లో పుట్టినవారు కూడా కారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో ఆ ఊరి భాష. మీది ఏ ఊరు అని అడిగితే కాసేపు ఆలోచించి గానీ జవాబు చెప్పరు. ఆ ఆలోచన వెనక ఉన్న ఇబ్బంది మాకు తెలుసు.

అయితే ఇక్కడ కోయిలకూ మనకూ ఒక పెద్ద తేడా ఉంది. దాన్ని దాచిపెట్టి కథను తియ్యగా ముగించడం మాకు ఇష్టం లేదు. కోయిలకు దాని పాట పుట్టుకతోనే వస్తుంది. ఎవరూ నేర్పనక్కరలేదు, మరిచిపోతుందన్న భయమూ లేదు. మనిషికి అలా రాదు. భాష అయినా సంగీతం అయినా విని నేర్చుకోవాలి, రోజూ వాడాలి. వాడకపోతే పోతుంది. ఒక తరంలో మాట్లాడటం ఉండి చదవడం పోతుంది, తరువాతి తరంలో మాట్లాడటం కూడా పోతుంది. కాకినాడ నుంచి మద్రాసు వెళ్లిన ఆ పన్నెండేళ్ల పిల్లవాడు వీణను ఒక మూల పెట్టి ఉంటే, కొన్నేళ్లకు ఆ చెవి కూడా మొద్దుబారి ఉండేది. ఆయన సాధన మానలేదు. అందుకే పుట్టిన ఊరికి దూరంగా పెరిగినా తన నాదం తనకు మిగిలింది.

అలాగని చుట్టూ ఉన్నదాన్ని వినకుండా చెవులు మూసుకోమని మేము చెప్పడం లేదు. చిట్టిబాబు మద్రాసు సినిమా వాద్యాలను విన్నారు, పాశ్చాత్య ధోరణిలోనూ స్వరాలు కూర్చారు. విన్నదంతా ఆయన వీణకు బలం అయింది. మన జంషెడ్‌పూర్‌లో వినవలసినది ఎంతో ఉంది. ఫాల్గుణంలో మోదుగలు ఎర్రగా పూస్తాయి. సంతాలీలు, హో ప్రజలు బాహా పండుగ చేసుకుంటారు. బాహా అంటే పువ్వు. చైత్రంలో సాలవృక్షం పూతకు వచ్చినప్పుడు ఉరావ్, ముండా ప్రజలు సర్హుల్ జరుపుకుంటారు. మాందర్, నగారా మోగుతాయి. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని వరుసలు వరుసలుగా ఆడతారు. పదులకొద్దీ మాందర్లు ఒకే లయలో మోగుతుంటే అది కూడా వసంతాన్ని పిలిచే వాద్యబృందమే. దానికి వేదిక వీధి, ప్రవేశం ఉచితం.

మేము ఉండే కాసిడీహ్, సాక్చీ బజారుకు ఆనుకుని ఉన్న పేట. బండ్ల హారన్లు, అమ్మకందారుల కేకలు, గుడి గంటలు అన్నీ అక్కడ కలగలిసి వినిపిస్తాయి. ఆ రొదలో కూడా ఫాల్గుణం వచ్చేసరికి తెల్లవారుజామున కోయిల వినిపిస్తుంది. కాకినాడలో కూసే కోయిలా ఇదే జాతి. దాని కూతలో యాస లేదు.

పిల్లలూ, ఈ వేసవి సెలవుల్లో మీకు రెండు పనులు అప్పగిస్తున్నాము. మొదటిది, ఒక తెల్లవారుజామున లేచి కోయిలను వినండి. ఒక విడతలో ఎన్నిసార్లు కూస్తుందో, ఎన్నోసారికి ఆగుతుందో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయండి. ఆ తరువాత 'కొమ్మలో కోయిల' రికార్డును ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి వినండి. అప్పుడు వీణలోని కోయిలకూ చెట్టు మీది కోయిలకూ పోలిక మీకే తెలుస్తుంది. రెండోది, విన్నదాన్ని తెలుగులో పది వాక్యాలుగా రాయండి. తప్పులు ఉన్నా పరవాలేదు, దిద్దడానికి మేము ఉన్నాము. బడి తెరిచేనాటికి మీలో కొందరికి బదిలీ కావచ్చు, మాకే కావచ్చు. ఆ పది వాక్యాలు మాత్రం పుస్తకాల పెట్టెలో సర్దుకుని వెంట తీసుకువెళ్లండి. కొత్త ఊళ్లో తెలుగు చెప్పేవారు ఎవరున్నా, మొదటి రోజున వారికి చూపించండి.